వెళ్లడం వేరు, ఆడడం వేరు: అమెరికా మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో బదిలీలు, అర్హతలు

2024 జనవరిలో టెక్సస్ రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్‌లో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ (టీసీయూ) మహిళల బాస్కెట్‌బాల్ జట్టు గాయాల దెబ్బకు చితికిపోయి, కోర్టులోకి దిగడానికి సరిపడా మనుషులు లేని స్థితికి చేరింది. రెండు మ్యాచ్‌లను ఆడకుండానే ప్రత్యర్థులకు వదులుకోవలసి వచ్చింది. యూనివర్సిటీలో చదువుకుంటున్న మామూలు విద్యార్థినులకు ఎంపిక పోటీలు పెట్టి, ఆడగలిగినవారిని జట్టులోకి తీసుకున్నారు. పద్నాలుగు నెలలు తిరిగేసరికి, 2025 మార్చిలో, అదే జట్టు జాతీయ టోర్నమెంటులో చివరి ఎనిమిది జట్లలో ఒకటిగా నిలిచింది. ఆ యూనివర్సిటీ మహిళల జట్టు అంతదూరం వెళ్లడం అదే మొదటిసారి. ఆ విజయాలను మోసిన ముగ్గురిలో ఒక్కరు కూడా అక్కడ చదువు మొదలుపెట్టినవారు కాదు. హేలీ వాన్ లిత్ లూయీవిల్‌లో మూడేళ్లు, లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)లో ఒక ఏడాది ఆడి వచ్చింది. సెడోనా ప్రిన్స్ టెక్సస్, ఒరెగాన్ యూనివర్సిటీల మీదుగా వచ్చింది. మాడిసన్ కానర్ అరిజోనా నుంచి వచ్చింది.

ఇలాంటి జట్టును చూసినప్పుడు అమెరికాలో ఆటను ఏళ్లుగా అనుసరిస్తున్నవారికి కూడా లెక్క తప్పుతుంది. ఒకరు కాలేజీలో ఏడో ఏడాది ఎలా ఆడుతున్నారు, మరొకరు మూడో యూనివర్సిటీలో చేరిన వెంటనే ఎలా ఆడగలిగారు, కొన్నేళ్ల కిందట ఇదే పని చేసిన క్రీడాకారిణి ఏడాదంతా ఆటకు దూరంగా ఎందుకు కూర్చోవలసి వచ్చింది అన్న ప్రశ్నలకు ఒకే జవాబు లేదు. రెండు వేర్వేరు విషయాలను మనం ఒకటిగా కలిపేసుకోవడం వల్లనే ఈ గందరగోళం పుడుతుంది. ఒక యూనివర్సిటీ వదిలి మరో యూనివర్సిటీలో చేరడం ఏ విద్యార్థిని అయినా చేయగలిగిన పని. చేరిన చోట ఎప్పటినుంచి ఆడవచ్చు, మొత్తం ఎన్నేళ్లు ఆడవచ్చు అన్నది మాత్రం కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంఘం నిర్ణయించేది. అసలు వివాదమంతా ఈ రెండో విషయం మీదనే నడిచింది.

పాత నియమం ప్రకారం బదిలీ అయిన క్రీడాకారిణి కొత్త యూనివర్సిటీలో ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివిన తరువాతే మ్యాచ్‌లలో దిగాలి. ఆ ఏడాది ఆమె జట్టుతో సాధన చేయవచ్చు, స్కాలర్‌షిప్ కూడా పొందవచ్చు, కానీ పోటీలో ఆడకూడదు. ఈ నిబంధన అన్ని ఆటలకూ ఒకే తీరుగా లేదు. వాలీబాల్, టెన్నిస్, సాకర్ వంటి ఆటలవారికి ఒకసారి మారి వెంటనే ఆడే వెసులుబాటు ఉండేది. అయిదు ఆటలకు మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వలేదు: ఫుట్‌బాల్ (సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్), బేస్‌బాల్, పురుషుల ఐస్ హాకీ, పురుషుల బాస్కెట్‌బాల్, మహిళల బాస్కెట్‌బాల్. ఈ అయిదింటిలో మహిళల ఆట ఒక్కటే ఉంది. చోటు మారితే చదువు దెబ్బతింటుందని, స్థిరపడడానికి ఒక ఏడాది కావాలని సంఘం కారణం చెప్పేది. చదువే కారణమైతే టెన్నిస్ ఆడే అమ్మాయికి అక్కర్లేని ఏడాది బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయికి ఎందుకు కావలసి వచ్చిందో ఆ వాదన చెప్పలేకపోయింది. జట్టును మధ్యలో వదిలి ఎక్కువ జీతానికి మరో యూనివర్సిటీకి వెళ్లే కోచ్ మర్నాడే అక్కడ పనిలో చేరవచ్చు. ఆయన మాట నమ్మి ఆ జట్టులో చేరిన పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఆయన వెంట వెళ్లాలంటే మాత్రం ఒక ఏడాది మూల్యంగా చెల్లించాలి.

ఇక్కడ చరిత్రలో ఒక చిన్న మలుపు గుర్తు చేసుకోవాలి. మహిళల కాలేజీ క్రీడలను మొదట నడిపింది ఎన్‌సీఏఏ కాదు. 1971లో ఏర్పడిన ఏఐఏడబ్ల్యూ అనే ప్రత్యేక మహిళా సంఘం ఆ పని చేసేది, దాని పద్ధతిలో యూనివర్సిటీ మారిన క్రీడాకారిణి వెంటనే ఆడగలిగేది. 1982లో ఎన్‌సీఏఏ తన మొదటి మహిళల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు నిర్వహించింది, లూయిజియానా టెక్ దాన్ని గెలుచుకుంది, ఏఐఏడబ్ల్యూ ఆ ఏడాదితోనే కనుమరుగైంది. టెలివిజన్ ప్రసారాలు, ప్రయాణ ఖర్చులు, పేరు ప్రతిష్ఠలు కలిసివచ్చాయి కానీ, పురుషుల ఆటల కోసం రాసుకున్న కట్టుబాట్లు కూడా వాటితోపాటే వచ్చాయి. 2020ల్లో వచ్చిన బదిలీ స్వేచ్ఛను కొత్త విప్లవంగా చెప్పేవారు ఈ సంగతి మరిచిపోతుంటారు.

పాత నియమానికి మినహాయింపు అడిగే వీలు ఉండేది. క్రీడాకారిణి తరఫున కొత్త యూనివర్సిటీ దరఖాస్తు పెడితే, ఆమె పరిస్థితులను చూసి ఎన్‌సీఏఏ సిబ్బంది నిర్ణయం చెప్పేవారు. అన్యాయం ఎక్కువగా జరిగింది ఈ దశలోనే. 2019లో జార్జియా నుంచి ఒహాయో స్టేట్‌కు మారిన ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్‌కు వెంటనే ఆడే అనుమతి లభించింది. అదే ఏడాది టెనెసీ నుంచి యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ)కు మారిన ఎవీనా వెస్ట్‌బ్రుక్‌కు తిరస్కారం ఎదురైంది, ఆమె 2019-20 సీజనంతా బయటే ఉండిపోయింది. టెక్సస్ నుంచి ఒరెగాన్‌కు వెళ్లిన సెడోనా ప్రిన్స్‌కూ అదే జవాబు వచ్చింది. ప్రతి దరఖాస్తులోనూ వ్యక్తిగత, వైద్య వివరాలు ఉంటాయి కనుక ఒకదాన్ని మరొకదానితో తూచడం బయటివారికి సాధ్యం కాదన్నది నిజమే. కానీ ఏ కారణం చెల్లుతుందో, ఏది చెల్లదో దరఖాస్తు పెట్టే అమ్మాయికి కూడా ముందుగా తెలియని పద్ధతిని నియమం అనడం కష్టం.

2018 అక్టోబరులో వచ్చిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ గురించి అపోహలు చాలా ఉన్నాయి. అది క్రీడాకారుల సంత కాదు, ఏదో ఒక యూనివర్సిటీలో చోటు ఇప్పించే సంస్థ కూడా కాదు. యూనివర్సిటీల్లో నియమపాలన చూసే అధికారులు వాడుకునే సమాచార నిధి అది. అంతకుముందు వేరే కోచ్‌తో మాట్లాడాలంటే ప్రస్తుత యూనివర్సిటీ అనుమతి కావాలి; పాత కోచ్ కొన్ని యూనివర్సిటీల పేర్లను అడ్డగించవచ్చు కూడా. పోర్టల్ వచ్చాక అనుమతి పోయి, సమాచారం ఇవ్వడం మిగిలింది. బదిలీ కోరుతున్నట్టు క్రీడాకారిణి రాతపూర్వకంగా తెలియజేస్తే, రెండు పనిదినాల్లోగా ఆమె పేరును యూనివర్సిటీ అందులో నమోదు చేయాలి. పేరు కనిపించిన క్షణం నుంచి మిగతా కోచ్‌లు ఆమెను సంప్రదించవచ్చు. కనిపించకముందే సంప్రదించడం నిషేధం. మధ్యవర్తుల ద్వారా, బంధువుల ద్వారా ఆ పని జరుగుతోందన్న ఫిర్యాదులు కోచ్‌ల నోట తరచుగా వినిపిస్తాయి.

పేరు నమోదు చేసుకోగలగడం, వెంటనే ఆడగలగడం రెండూ ఒకేసారి రాలేదు. వెంటనే ఆడే హక్కు 2021 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పుడు పై అయిదు ఆటలకు కూడా ఒకసారి మారే వెసులుబాటు వర్తింపజేశారు. దాని ఫలితం త్వరలోనే కళ్లకు కట్టింది. 2022లో మేరీలాండ్ నుంచి ఎల్‌ఎస్‌యూకు వెళ్లిన ఏంజెల్ రీస్ మరుసటి ఏడాదే, 2023 ఏప్రిల్ 2న, అయోవాను 102-85తో ఓడించి జాతీయ టైటిల్ గెలిచిన జట్టులో అత్యుత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. పాత నియమమే ఉండి ఉంటే ఆ ఏడాది ఆమె సాధారణ దుస్తుల్లో బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టేది.

రెండోసారి మారేవారికి మాత్రం ఆగే ఏడాది అలాగే ఉండిపోయింది. దాన్ని కూల్చింది క్రీడా సంఘం మనసు మార్పు కాదు, కోర్టు. 2023 డిసెంబరులో ఒహాయో నాయకత్వంలో ఏడు రాష్ట్రాలు వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని ఫెడరల్ కోర్టులో దావా వేశాయి. విద్యార్థి క్రీడాకారులు ఎక్కడ ఆడాలో ఒకదానితో ఒకటి పోటీపడే యూనివర్సిటీలన్నీ కలిసి కట్టడి చేయడం గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమన్నది వారి వాదన. న్యాయమూర్తి జాన్ ప్రెస్టన్ బెయిలీ ఆ నిబంధన అమలును నిలిపివేశారు. తరువాత అమెరికా న్యాయశాఖ కూడా ఆ దావాలో చేరింది. 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ తన నియమాన్నే మార్చుకుని, చదువులో అర్హత నిలుపుకున్నంతకాలం ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చని ఒప్పుకుంది. వాన్ లిత్ మూడో యూనివర్సిటీలో చేరింది ఆ వేసవిలోనే.

ఇప్పుడు మిగిలిన ప్రధాన కట్టడి గడువు. మొదట్లో సంవత్సరంలో ఎప్పుడైనా పోర్టల్‌లోకి వెళ్లే వీలుండేది. 2022లో బాస్కెట్‌బాల్‌కు 60 రోజుల గడువు పెట్టి, దాన్ని 45కు, 2024 అక్టోబరులో 30కి కుదించారు. 2025లో మహిళలకు ఆ గడువు మార్చి 25న, అంటే జాతీయ టోర్నమెంటు ఇంకా సాగుతుండగానే, తెరుచుకుంది. తన జట్టు టైటిల్ కోసం ఆడుతున్న వారంలోనే కోచ్ వచ్చే ఏడాది జట్టు కోసం ఫోన్లు చేస్తూ కూర్చోవలసి రావడం ఆటకు మేలు చేసేది కాదు. ప్రధాన కోచ్ వెళ్లిపోయినా, ఆయనను తొలగించినా ఆ జట్టువారికి వేరుగా ఒక గడువు ఇస్తారు.

ఇక ఎన్నేళ్లు ఆడవచ్చు అన్న లెక్క దగ్గరకు వద్దాం. మూలసూత్రం సులభమైనదే: ఏ కాలేజీలోనైనా పూర్తికాల విద్యార్థినిగా చేరిన రోజు నుంచి అయిదేళ్ల గడియారం మొదలవుతుంది, ఆ అయిదేళ్లలో నాలుగు సీజన్లు ఆడవచ్చు. మిగిలే ఒక్క ఏడాదిని గాయానికో, నేర్చుకోవడానికో వాడుకుంటారు. ఆడకుండా గడిపిన ఆ ఏడాదినే రెడ్‌షర్ట్ అంటారు. ఫుట్‌బాల్‌లో నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా సీజన్ ఖర్చయినట్టు లెక్కించరు. బాస్కెట్‌బాల్‌లో ఆ ఉదారత లేదు, ఒక్క నిమిషం కోర్టులో దిగినా సీజన్ పోయినట్టే. సీజన్ మొదటి సగంలో, 30 శాతానికి మించి మ్యాచ్‌లు ఆడకముందే పెద్ద గాయమై ఆ ఏడాదంతా ఆడలేకపోతే మాత్రం ఆ సీజన్‌ను తిరిగి కోరవచ్చు. గర్భం దాల్చిన క్రీడాకారిణికి గడియారాన్ని ఒక ఏడాది పొడిగించే అధికారం యూనివర్సిటీకి ఉంది. ఈ నిబంధన చాలాకాలంగా ఉన్నదే అయినా, చాలామంది అమ్మాయిలకు దాని సంగతి తెలియదేమో అన్న ఆందోళన నాకుంది.

ఈ సూత్రం మీద కొవిడ్ ఏడాది వచ్చి పడింది. 2020-21లో ఆడిన సీజన్‌ను ఎవరికీ లెక్కించకూడదని, గడియారానికి ఒక ఏడాది కలపాలని ఎన్‌సీఏఏ నిర్ణయించింది. సెడోనా ప్రిన్స్ ప్రయాణాన్ని ఈ వెలుగులో చూస్తే ఏడేళ్ల చిక్కు విడిపోతుంది. 2018లో టెక్సస్‌లో చేరేముందే మెక్సికోలో అమెరికా జూనియర్ జట్టుకు ఆడుతూ కాలు విరిగి, మొదటి ఏడాది ఆడలేదు. 2019-20లో ఒరెగాన్‌లో మినహాయింపు దొరకక ఆడలేదు. 2020-21లో ఆడింది, అది లెక్కలోకి రాలేదు. 2021-22లో ఆడింది. 2022-23లో మోచేతి గాయంతో ఆడలేదు. తరువాతి రెండేళ్లు టీసీయూలో ఆడింది. ఏడేళ్లలో లెక్కకు వచ్చినవి మూడే సీజన్లు. ఆమెను వయసు మీరినా కాలేజీని వదలని క్రీడాకారిణిగా ఎగతాళి చేసినవారు ఈ లెక్క వేసుకోలేదు.

కైట్లిన్ చెన్ లెక్క మరో రకం. ఆమె చదివిన ప్రిన్స్‌టన్, ఎనిమిది పాత యూనివర్సిటీల కూటమి అయిన ఐవీ లీగ్‌లో ఉంది. ఆ లీగ్ 2020-21 సీజన్‌ను పూర్తిగా రద్దు చేసింది, పైగా డిగ్రీ పూర్తయిన పోస్ట్‌గ్రాడ్యుయేట్ విద్యార్థులను ఆడనివ్వదు. ఎన్‌సీఏఏ లెక్కలో ఆమెకు ఇంకా ఒక సీజన్ మిగిలి ఉన్నా సొంత యూనివర్సిటీలో దాన్ని వాడుకునే దారి లేదు. యూకాన్‌కు మారి 2025లో జాతీయ టైటిల్ గెలిచింది. ఈ బదిలీలో అవకాశవాదం వెతికేవారికి దొరికేది లీగ్ నిబంధన ఒక్కటే.

అయిదేళ్ల గడియారం కూడా ఇప్పుడు కోర్టుల్లో నలుగుతోంది. రెండేళ్ల జూనియర్ కాలేజీలో ఆడిన కాలాన్ని కలపకూడదంటూ ఫుట్‌బాల్ క్రీడాకారుడు డియేగో పావియా వేసిన దావాలో 2024 డిసెంబరులో టెనెసీలోని ఫెడరల్ న్యాయమూర్తి ఆయనకు అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చారు. ఆ బాటలో తరువాత ఎన్నో దావాలు పడ్డాయి, వాటిలో న్యాయమూర్తులందరూ ఒకే మాట చెప్పలేదు. ఒక క్రీడాకారిణి అర్హత ఆమె చదివే రాష్ట్రంలోని కోర్టును బట్టి మారే పరిస్థితి ఎవరికీ మంచిది కాదు.

అందరూ దాటవేసే అంశం చదువు. బదిలీ స్వేచ్ఛకు ఇప్పుడు ఉన్న గట్టి షరతు ఇదే కనుక ఇక్కడ కాస్త ఆగాలి. క్రీడాకారిణి రెండో ఏడాది ముగిసేసరికి తన డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60 శాతం, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తి చేసి ఉండాలి. ఇది మొత్తం క్రెడిట్ల (పూర్తిచేసిన కోర్సులకు వచ్చే పాయింట్ల) లెక్క కాదు, ఎంచుకున్న డిగ్రీకి పనికివచ్చే క్రెడిట్ల లెక్క. అమెరికాలో చదివే మన పిల్లలు ఒక యూనివర్సిటీ నుంచి మరోదానికి మారినప్పుడు పాత సబ్జెక్టుల్లో కొన్నింటిని కొత్త యూనివర్సిటీ డిగ్రీకి లెక్కించకపోవడం డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాలకు అనుభవమే. మామూలు విద్యార్థినికి దానివల్ల ఒక సెమిస్టర్ ఫీజు పెరుగుతుంది. క్రీడాకారిణికి ఆడే అర్హతే పోవచ్చు. మూడో ఏడాది చివర మారిన అమ్మాయికి పాత చోట 65 శాతం డిగ్రీ పూర్తయి ఉన్నా, కొత్త యూనివర్సిటీ లెక్కలో అది 52కు పడిపోతే ఆమె కోర్టులోకి దిగలేదు. పాత చోట తాను కోరుకున్న కోర్సు కొత్త చోట లేకపోతే, క్రెడిట్లు కలిసివచ్చే డిగ్రీ వైపు ఆమెను నెట్టడం కూడా జరుగుతుంది. ఆగే ఏడాది పోయినంత మాత్రాన చదువు మీద భారం పోలేదు, అది కనిపించని చోటికి మారింది.

మహిళల ఆటకు ఈ నియమాలు పురుషుల ఆటకంటే ఎక్కువ బరువైనవి కావడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. పురుషుల లీగ్ ఎన్‌బీఏ 19 ఏళ్ల కుర్రవాణ్ని హైస్కూలు దాటిన ఏడాదికే తీసుకుంటుంది. కోచ్ నచ్చకపోయినా, ఆడే సమయం దక్కకపోయినా ప్రతిభావంతుడికి వృత్తి క్రీడ అనే మరో తలుపు ఉంది. మహిళల వృత్తి లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ నియమం వేరు: కాలేజీ క్రీడాకారిణి డిగ్రీ పూర్తిచేసి ఉండాలి, లేదా ఆమెతో చేరినవారు డిగ్రీ పొందే నాలుగేళ్లు గడవాలి, లేదా డ్రాఫ్ట్ (లీగ్ జట్లు కొత్త క్రీడాకారిణులను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) జరిగే ఏడాదిలో ఆమెకు 22 నిండాలి. 2015లో జుయెల్ లాయిడ్ మూడేళ్లకే నోటర్ డామ్ యూనివర్సిటీ వదిలి డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక కాగలిగిందంటే అది పుట్టినరోజు కలిసివచ్చిన సందర్భం. మిగతావారికి నాలుగేళ్లూ కాలేజీయే గతి. అన్నేళ్లు ఒకే కోచ్ కింద బందీ చేసి, మారితే ఒక ఏడాది కోల్పోవాలని షరతు పెట్టడం పురుషుల కంటే మహిళలకే పెద్ద శిక్ష. బదిలీ స్వేచ్ఛ విషయంలో నేను క్రీడాకారిణుల పక్షాన నిలబడడానికి ముఖ్య కారణం ఇదే.

డబ్బు వచ్చాక ఈ తలుపు లెక్క ఇంకా మారింది. 2021 జులై 1 నుంచి విద్యార్థి క్రీడాకారులు తమ పేరు, రూపం వాడుకునే ప్రకటనల ద్వారా సంపాదించవచ్చు. 2025 డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికకు దక్కిన తొలి ఏడాది జీతం 78,831 డాలర్లు. పేరున్న కాలేజీ క్రీడాకారిణి ప్రకటనల ద్వారా అంతకంటే ఎన్నో రెట్లు పొందగలదు. అందుకే డ్రాఫ్ట్‌లో ముందు వరుసలో ఎంపికవుతుందని అందరూ అనుకున్న ఒలీవియా మైల్స్ 2025లో డ్రాఫ్ట్‌ను వదులుకుని, మోకాలి గాయంతో ఒక సీజన్ పోవడం వల్ల మిగిలిన ఏడాదిని వాడుకుంటూ నోటర్ డామ్ నుంచి టీసీయూకు వెళ్లింది. ఎఫ్-1 వీసా మీద చదివే విదేశీ క్రీడాకారిణులకు మాత్రం ఈ సంపాదన దాదాపు మూసిన తలుపే. ఆ వీసా పని విషయంలో పెట్టే హద్దులు తెలుగు పాఠకులకు వివరించనక్కర్లేదు. సిరక్యూస్ నుంచి సౌత్ కరొలైనాకు మారి, 2024లో ఒక్క ఓటమి లేకుండా 38 మ్యాచ్‌లు గెలిచిన జట్టుకు మూలస్తంభమైన బ్రెజిల్ అమ్మాయి కమీలా కర్దోసో వంటివారు ఆ హద్దుల మధ్యనే ఆడారు.

ఎన్‌సీఏఏ మీద క్రీడాకారులు వేసిన ఒక దావాలో 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన రాజీ ఒప్పందంతో యూనివర్సిటీలే నేరుగా క్రీడాకారులకు చెల్లించే పద్ధతి మొదలైంది. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆ దావా వేసినవారిలో ఈతగాడు గ్రాంట్ హౌస్‌తోపాటు సెడోనా ప్రిన్స్ కూడా ఉంది. 2021లో పురుషులకు పెద్ద జిమ్, మహిళలకు ఒక చిన్న డంబెల్స్ స్టాండు పెట్టిన టోర్నమెంటు ఏర్పాట్లను వీడియో తీసి లోకానికి చూపింది ఆమే. అయితే పాత బకాయిల కింద ఇచ్చే పరిహారంలో అధికభాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ వారికే వెళుతుందని, అది విద్యలో లింగ సమానత్వం కోరే 1972 నాటి టైటిల్ నైన్ చట్టానికి విరుద్ధమని కొందరు మహిళా క్రీడాకారులు అప్పీలుకు వెళ్లారు.

బదిలీ స్వేచ్ఛను వ్యతిరేకించేవారి మాటలన్నీ స్వార్థం కాదు. చిన్న యూనివర్సిటీ కోచ్ రెండేళ్లు కష్టపడి తీర్చిదిద్దిన అమ్మాయిని పెద్ద యూనివర్సిటీ ఒక్క వసంతంలో ఎత్తుకుపోతుంది. ఒక్కో జట్టులో 15 స్థానాలే ఉంటాయి. వాటిలో సగం అనుభవం ఉన్న బదిలీ క్రీడాకారిణులతో నిండితే హైస్కూలు పూర్తిచేసిన అమ్మాయికి చోటు ఇరుకవుతుంది. ఈ నష్టాలు నిజమైనవే. వాటి భారాన్ని మళ్లీ క్రీడాకారిణి మీదే, ఆడనివ్వని ఏడాది రూపంలో మోపడం మాత్రం నాకు సమ్మతం కాదు. కోచ్‌ల ఒప్పందాలకు కూడా అంతే గట్టి కట్టడి పెట్టినప్పుడు ఆ మాట మాట్లాడవచ్చు.

పోర్టల్‌లోకి వెళ్లిన ప్రతి అమ్మాయికీ కొత్త చోటు దొరకదన్న సంగతి విజయగాథల వెనక మరుగున పడుతోంది. పేరు నమోదైన తరువాత ఆ టర్మ్ ముగియగానే ఆమె స్కాలర్‌షిప్‌ను నిలిపివేసే అధికారం పాత యూనివర్సిటీకి ఉంది. మనసు మార్చుకుని తిరిగి వస్తానన్నా తీసుకోవలసిన బాధ్యత దానికి లేదు. గడువు కొద్ది రోజులే, క్రెడిట్లు కొత్త చోట ఎన్ని చెల్లుతాయో తేలడానికి వారాలు పట్టవచ్చు. అందుకే ఆ రాతపూర్వక సమాచారం పంపే ముందు క్రీడాకారిణి, ఆమె తల్లిదండ్రులు మొదట కూర్చోవలసింది తమ యూనివర్సిటీ విద్యా సలహాదారు దగ్గర: మార్కుల పత్రం, డిగ్రీలో ఇప్పటివరకు పూర్తయిన శాతం, మిగిలిన సీజన్ల లెక్క కాగితం మీద రాయించుకుని, ఆ తరువాతే సంతకం పెట్టాలి.